బోర్డు ధ్రువీకరణ, ఆరోగ్య సమన్యాయం (అమెరికా)

బోర్డు ధ్రువీకరణ అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక వైద్యుడు తన ప్రత్యేక శాఖలో నిర్ణీత శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణుడైనాడని ఆ శాఖకు చెందిన బోర్డు ఇచ్చే యోగ్యతాపత్రం. ఆరోగ్య సమన్యాయం అనగా జాతి, భాష, ఆదాయం, నివాసప్రాంతం వంటి కారణాలతో ఎవరూ వెనుకబడకుండా, వారి వారి అవసరాన్ని బట్టి తగిన వైద్యం అందడం. అందరికీ ఒకే విధంగా పంచడం సమానత్వం. అవసరం ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ తోడ్పాటు ఇవ్వడం సమన్యాయం. నిపుణుని యోగ్యతను నిర్ణయించేటప్పుడు ఈ విషయంలో అతని పరిజ్ఞానాన్ని కూడా పరీక్షించాలా అన్నది 21వ శతాబ్దంలో అమెరికా వైద్యరంగంలో చర్చనీయాంశమైనది.

== ధ్రువీకరణ విధానం ==

అమెరికాలో వైద్యవృత్తి చేయుటకు లైసెన్సును రాష్ట్రాలు ఇస్తాయి. బోర్డు ధ్రువీకరణ చట్టరీత్యా తప్పనిసరి కాదు. అయితే అనేక ఆసుపత్రులు, బీమా సంస్థలు దీనిని కోరుతాయి గనుక ఆచరణలో దీని ప్రాముఖ్యత ఎక్కువ. వైద్యపట్టా తరువాత రెసిడెన్సీ అనే శిక్షణను పూర్తిచేసినవారే ఈ పరీక్షకు అర్హులు.

మొదటి బోర్డు 1916లో నేత్రవైద్యంలో ఏర్పడినది. 1933లో బోర్డుల సమన్వయానికి ఒక సలహా మండలి నెలకొల్పబడి, 1970లో అమెరికన్ బోర్డ్ ఆఫ్ మెడికల్ స్పెషాలిటీస్‌గా మారినది. ఇందులో 24 సభ్య బోర్డులు ఉన్నాయి. వీటిలో ఆరోగ్య సమన్యాయానికి ప్రత్యేక బోర్డు లేదు. ఈ విషయానికి దగ్గరి శాఖ నివారణ వైద్యం.

== ప్రవేశంలో వివక్ష ==

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్య కళాశాలల స్థితిపై ఇచ్చిన నివేదిక బోధనా ప్రమాణాలను పెంచినది. కానీ అప్పటికి ఉన్న ఏడు నల్లజాతి వైద్య కళాశాలలలో ఐదు 1923 నాటికి మూతపడ్డాయి. హోవర్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. దక్షిణాది రాష్ట్రాలలో స్థానిక వైద్య సంఘాలు నల్లజాతి వైద్యులను చేర్చుకొనేవి కావు. ఈ సభ్యత్వం లేనివారికి ఆసుపత్రులలో పనిచేసే అవకాశం, ఉన్నత శిక్షణ దొరకడం కష్టమయ్యేది. ఇటువంటి వివక్ష కారణంగానే నల్లజాతి వైద్యులు 1895లో నేషనల్ మెడికల్ అసోసియేషన్‌ను స్థాపించుకున్నారు. గత వివక్షకు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2008లో క్షమాపణ చెప్పినది. జనాభాలో సుమారు 13 శాతం ఉన్న నల్లజాతివారు వైద్యులలో నేటికీ 5-6 శాతమే ఉన్నారు.

== వైద్యంలో అసమానతలు ==

1985లో కేంద్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి మార్గరెట్ హెక్లర్ వెలువరించిన నివేదిక, అల్పసంఖ్యాక వర్గాలలో ఏటా సుమారు 60,000 అదనపు మరణాలు సంభవిస్తున్నాయని తెలిపినది. బీమా, ఆదాయం సమానంగా ఉన్నప్పటికీ ఈ వర్గాలకు అందే వైద్యం నాణ్యత తక్కువగా ఉంటున్నదని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2002లో నిర్ధారించినది. 2021లో ప్రతి లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు నల్లజాతి స్త్రీలలో 69.9 కాగా, శ్వేతజాతి స్త్రీలలో 26.6.

లోపం ఎల్లప్పుడూ వైద్యుని ప్రవర్తనలోనే ఉండదు. అతడు నేర్చుకున్న శాస్త్రంలోనూ ఉండవచ్చు. మూత్రపిండాల పనితీరును లెక్కించే 2009 నాటి సూత్రం ఇందుకు ఉదాహరణ. రోగి నల్లజాతివాడైతే ఫలితాన్ని సుమారు 16 శాతం పెంచాలని ఆ సూత్రం చెప్పినది. అమెరికాలో మూత్రపిండ మార్పిడి నిరీక్షణకాలం సాధారణంగా ఈ విలువ 20 లేదా అంతకు తక్కువకు చేరినప్పుడు మొదలవుతుంది. ఇతరులలో 18గా లెక్కకు వచ్చే విలువ నల్లజాతి రోగికి దాదాపు 21 అయ్యేది. అతడు వేచి ఉండవలసి వచ్చేది. ఇక్కడ వైద్యుడు నియమాన్ని తప్పలేదు, పాటించాడు. 2021లో నిపుణుల సంఘం జాతి ప్రమేయం లేని సూత్రాన్ని సిఫారసు చేసినది. 2023 జనవరి నుండి ఇలా నష్టపోయిన రోగుల నిరీక్షణకాలాన్ని సరిదిద్దే ప్రక్రియ మొదలైనది.

అదేవిధంగా, వేలికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సిమీటరు, నల్లజాతి రోగులలో ఆక్సిజన్ కొరతను గుర్తించలేకపోవడం శ్వేతజాతి రోగులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపినది.

== శిక్షణలో మార్పులు, వాదోపవాదాలు ==

రెసిడెన్సీ శిక్షణకు గుర్తింపునిచ్చే మండలి 2019లో వైవిధ్యంతో కూడిన నియామకాలను నియమాలలో చేర్చినది. 2023లో సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ ప్రవేశాలలో జాతిని పరిగణించరాదని తీర్పు ఇచ్చినది. 2025 ఏప్రిల్‌లో వెలువడిన అధ్యక్ష ఉత్తర్వు తరువాత ఆ మండలి వైవిధ్య నియమాల అమలును నిలిపివేసినది.

ప్రత్యేక ధ్రువీకరణ ఉంటే ఈ రంగంలో శిక్షణకు, పరిశోధనకు గౌరవం, స్థిరత్వం లభిస్తాయని సమర్థకులు వాదిస్తారు. పరీక్షలో నెగ్గినంత మాత్రాన రోగికి న్యాయం జరుగుతుందని చెప్పలేమని, వైద్యుల రాజకీయ అభిప్రాయాలను కొలిచే ప్రమాదం ఉన్నదని విమర్శకులు అంటారు. దీనిని ఒక శాఖకు పరిమితం చేస్తే మిగిలిన శాఖలవారు తమ బాధ్యత కాదనుకుంటారనేది మరొక అభిప్రాయం. మూత్రపిండ సూత్రం వంటి లోపాలను సరిదిద్దవలసినవారు ఆయా శాఖల నిపుణులే కావడం ఈ వాదానికి బలం.

== విదేశీ పట్టభద్రులు ==

అమెరికా వైద్యులలో దాదాపు నాలుగవ వంతు విదేశాలలో చదివినవారు. వీరిలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వైద్య కళాశాలల పట్టభద్రులు కూడా ఉన్నారు. వీరు ప్రవేశార్హత పరీక్షలలో నెగ్గి, సాధారణంగా అమెరికాలో మరల రెసిడెన్సీ చేసిన పిమ్మటనే బోర్డు పరీక్షకు అర్హులవుతారు. వైద్యుల కొరత గల ప్రాంతాలలో సేవలందించేవారిలో వీరి సంఖ్య గణనీయమైనది.

== ఇవి కూడా చూడండి ==

* ప్రజారోగ్యం
* వైద్య విద్య
* మూత్రపిండాల మార్పిడి
* మాతృమరణాలు