తలుపు మీది హక్కు, ఇంటి మీద లేని హక్కు
ప్రాణహిత గోదావరిలో కలిసేచోటి సిరోంచ ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారికి దక్కింది. ఆ తాలూకాలోని అంకిస తెలుగు పలికే ఊరు.

1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అక్కడి వడ్రంగికీ ఒక పట్టు ఇచ్చింది: యజమాని ఇచ్చిన టేకుతో చేసిన తలుపును, వేరే ఒప్పందం లేకుంటే, కూలి ముట్టేదాకా తన దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. తలుపు అప్పగించి గుమ్మానికి బిగించాక ఆ పట్టు పోతుంది. గోడ కట్టిన మేస్త్రీకి అసలు ఇంటిపై అలాంటి హక్కే లేదు.

అమెరికాలో మేరీలాండ్ 1791లోనే కట్టినవారికి కట్టడం మీద అలాంటి హక్కు ఇచ్చింది. కాలిఫోర్నియాలో ఆ హక్కు కోసం సబ్ కాంట్రాక్టరు తాను పని మొదలుపెట్టిన 20 రోజుల్లో ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆలస్యమైతే, నోటీసుకు 20 రోజుల కంటే ముందు చేసిన పనికి హక్కు జారిపోతుంది.

అంకిస మేస్త్రీకి మిగిలింది సివిల్ దావాయే. చెల్లింపు గడువు అనుకోకుంటే, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం పని పూర్తయిన 3 ఏళ్లలోపు వేయాలి. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి ఇది చాలని రక్షణ.