ఎముక ఒప్పుకున్న లోహం

జగిత్యాల జిల్లా ముత్యంపేట దగ్గరి కొండగట్టుకు ఒక స్థలపురాణం ఉంది. లక్ష్మణుడి కోసం హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకెళ్తుంటే ఓ ముక్క విరిగిపడి ఈ కొండయిందట. జాంబవంతుడు తెమ్మన్న నాలుగు మూలికల్లో సంధానకరణికి విరిగిన ఎముకలను అతికించే గుణం ఉందంటారు. అంజన్న దర్శనానికి వచ్చే భక్తుల్లో ఇప్పుడు దవడలోనో తుంటిలోనో టైటానియం ఉన్నవాళ్లూ ఉంటారు. ఆ పరాయి లోహాన్ని ఎముక ఒప్పుకోవడం వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో రక్తప్రసరణను కళ్లారా చూడాలని కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరం అమర్చాడు. పని ముగిశాక తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని కరుచుకుపోయింది. 1965లో గోస్టా లార్సన్ అనే రోగి దవడలో ఆయన టైటానియం స్క్రూలు బిగించాడు. 2006లో లార్సన్ కన్నుమూసేదాకా అవి పనిచేశాయి.

గాలి తగలగానే టైటానియంపై కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు దానికి అంటుకుంటాయి, ఎముకను కట్టే కణాలు వాటి మీద కాలూనుతాయి. లోపల ఎంత లోహమున్నా శరీరానికి తెలిసేది ఆ పైపొరే.

తొలి స్క్రూలు లేత్ మీద నున్నగా తిప్పినవి. కింది దవడలో మూడు నెలలు, పైదవడలో ఆరు నెలలు ఆగితే గానీ పన్ను కట్టేవారు కాదు. పాత గోడకు ప్లాస్టరింగ్ చేసేముందు మేస్త్రీ ఉలితో గాట్లు పెట్టినట్టు, స్క్రూనూ గరుకు చేస్తే? 1991లో డేనియల్ బ్యూజర్ బృందం పొట్టి జాతి పందుల కాలి ఎముకల్లో ఆరు రకాల ఉపరితలాలను పరీక్షించింది. నున్నగా పాలిష్ చేసినదాన్ని ఎముక తాకింది 20–25 శాతమే. పెద్ద రేణువులు వేగంగా కొట్టి, ఆపై హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో ముంచినదాన్ని 50–60 శాతం తాకింది. రేణువులు గుంటలు చేస్తే, ఆమ్లం ఆ గుంటల్లో మైక్రాన్ల లోతు సన్నటి గుంటలు తవ్వుతుంది. ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ పూత 60–70 శాతంతో ముందు నిలిచినా, పూత అరుగుతున్న ఆనవాళ్లు కనిపించాయి. ఆమ్లం పట్టించిన స్క్రూలతో తర్వాతి కాలంలో నిరీక్షణ ఆరు వారాలకు తగ్గింది.

అసలు విశేషం కణాల్లోనే ఉంది. 1990లలో టెక్సాస్‌లో బార్బరా బోయన్, జ్వీ ష్వార్ట్జ్ బృందం ఎముక కణాలను రెండు రకాల టైటానియం మీదా పెంచింది. నున్నటిదాని మీద అవి జోరుగా సంఖ్య పెంచుకున్నాయి. గరుకుదాని మీద సంఖ్య తగ్గింది గానీ, కణాలు పరిణతి చెంది ఎముకను కట్టే పనిలో దిగాయి. సంఖ్య చూసి మురిసిపోయేవారికి ఇదొక గట్టి పాఠం.

ఈ లోహం మనకు దూరమేమీ కాదు. 1973లో ఏర్పడ్డ హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ రక్షణ, అంతరిక్ష రంగాలతో పాటు ఇంప్లాంట్లకూ టైటానియం మిశ్రమలోహాలు అందిస్తోంది. బాలాపూర్‌లోని ఆర్కి (ARCI) పరిశోధన సంస్థ మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ పద్ధతిని అభివృద్ధి చేసింది. ద్రావణంలో ముంచిన లోహం మీద సన్నటి విద్యుత్ మెరుపులు రేపి ఆక్సైడ్ పొరను మందంగా పెంచే పద్ధతి అది. టైటానియం మీదైతే, ద్రావణంలో కాల్షియం, ఫాస్ఫరస్ కలిపి వాటినీ ఆ పొరలోకి ఎక్కించవచ్చు.

గరుకుతనంతో ఒక ఇబ్బందీ ఉంది. చిగురు జారి ఆ భాగం బయటపడితే ఎముక కణాలకు నచ్చిన గుంటల్లోనే బ్యాక్టీరియా చేరుతుంది. అందుకే చాలా దంత ఇంప్లాంట్లలో చిగురును తాకే మెడ భాగాన్ని నున్నగా ఉంచి, ఎముకలోకి దిగే మరలను మాత్రమే గరుకు చేస్తారు.