కర్రా, అర్జీయా?

అన్యాయం జరిగినచోట మనిషి తానే తీర్పరి కావాలా, లేక న్యాయస్థానం తలుపు తట్టాలా? చట్టమే అన్యాయం పక్షాన నిలిస్తే ఏం చేయాలి? మన మారిషస్ చరిత్రలోని రెండు ఘట్టాలు ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నవి.

1867 నాటి కూలీ చట్టం కింద, కంట్రాక్టు ముగించుకొన్న మన పూర్వులు సైతం ఫోటో అంటించిన టికెట్టు, పోలీసు పాసు వెంట ఉంచుకోవలసి వచ్చింది. అవి లేకుండా కనబడితే దేశదిమ్మరులని పట్టుకొనిపోయేవారు. తోటలో ఒక రోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోసేవారు. ఇదంతా చట్టప్రకారమే!

1871లో 9,401 మంది పాత కూలీల పేరిట గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు ఒక అర్జీ చేరింది. దానిని సిద్ధం చేయడానికి తోడ్పడినవాడు అడోల్ఫ్ ద ప్లెవిట్జ్. తోటల యజమానులు మండిపడ్డారు. ఒకడు పోర్ట్ లూయీ వీథిలో ఆయనను కొట్టాడు. ఆయనను ద్వీపం నుండి వెళ్ళగొట్టాలని మరికొందరు కోరారు. ఎంత విచిత్రం! చట్టం అండగా ఉన్నవారు చేయి చేసుకొన్నారు. చట్టం చేత నలిగినవారు అర్జీ పట్టుకొని నిలిచారు.

1872లో రాజ విచారణ సంఘం వచ్చింది. 1875లో దాని నివేదిక వెలువడింది. 1878లో కొత్త కూలీ చట్టం వచ్చింది. అయితే రెండింతల కోత మాత్రం ఇరవయ్యవ శతాబ్దం దాకా పోలేదు. అర్జీ దారి మంచిదే గాని, దూరం ఎక్కువ. ఆ దూరంలో ఎన్ని కుటుంబాలు పస్తులున్నవో ఎవరు లెక్క కట్టగలరు?

1937లో ఓపిక తెగింది. చిన్న రైతులు పండించే ఊబా చెరకు ధరలో నూటికి 15 వంతులు తగ్గిస్తామని మిల్లులు ప్రకటించినవి. సమ్మెలు జరిగినవి, కొన్నిచోట్ల చెరకు తగలబడింది. ఆగస్టులో యూనియన్ ఫ్లాక్ వద్ద గుమిగూడిన జనంపై తోటవారే తుపాకులు పేల్చగా నలుగురు చనిపోయారు. ఆ తోట యజమానులు కూడా భారతీయ సంతతివారే! కనుక ఇది రంగుకు సంబంధించిన గొడవ మాత్రమే కాదు. ఆయుధం ఉన్నవాడు తానే న్యాయాధిపతి అయితే జరిగేది ఇదే.

తరువాత హూపర్ విచారణ సంఘం కూర్చున్నది. 1938లో శ్రామిక సంఘాలకు చట్టబద్ధత లభించింది, కార్మికశాఖ ఏర్పడింది. ఫిర్యాదు వినే ఆ చోటు ముందే ఉండి ఉంటే, ఆ నలుగురు బ్రతికి ఉండేవారేమో!

చెరకుకు నిప్పు పెట్టినవారిని మనం మెచ్చుకోనక్కరలేదు. కాని వారిని నిందించి ఊరుకోవడమూ న్యాయం కాదు. బీదవానికి న్యాయస్థానం తలుపు మూసుకొంటే, చేతికి కర్ర వస్తుంది. కర్రలు ఎదురైనప్పుడు గెలిచేది న్యాయం కాదు, తుపాకీ ఉన్నవాడే. కనుక చట్టానికి లోబడితే చాలదు. అది అందరికీ తెరచి ఉండేటట్లు కాపాడుకోవాలి. ఆ 9,401 మంది మనకు అప్పగించిన పని ఇదే.