మన నెత్తి మీది రేకుకూ ఒక చరిత్ర ఉంది

తండాల చరిత్ర అనగానే మనం ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన తాతల గురించి రాసుకుంటాం. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలకు వచ్చిన ఎస్టీ గుర్తింపు గురించి రాసుకుంటాం. నెత్తి మీది కప్పు గురించి మాత్రం ఎవరం రాయం. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఉన్న తండాల్లో, మనం కిరాయికుండే గదుల్లో, పాత షెడ్లలో ఇప్పటికీ కనిపించేది ఆ బూడిదరంగు సిమెంటు రేకే. దాని చరిత్రలో గిరిజనులం ఒక చివర కాదు, రెండు చివర్లా ఉన్నాం.

ఆ రేకులో సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్ ఉంటుంది. తెలుగులో దీన్ని రాతినార అంటారు. రాయిలో పుట్టే ఈ నార కాలదు, కుళ్ళదు, చెద పట్టదు. మట్టిగోడ పగలకుండా మనవాళ్ళు మట్టిలో గడ్డి కలిపి తొక్కినట్టే, సిమెంటులో రాతినార కలిపి పలుచటి పలకలు చేసే పద్ధతిని 1900 ప్రాంతంలో ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ కనిపెట్టాడు.

మన దగ్గర ఈ పరిశ్రమకు 1940ల్లోనే పునాది పడింది. సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ కంపెనీ తయారుచేసిన 'చార్మినార్' రేకులు ఊరూరికీ చేరాయి. మన పెద్దలు వాటిని ఎందుకు కొన్నారో అర్థం చేసుకోవాలి. గడ్డి కప్పును మళ్ళీ మళ్ళీ మార్చాలి, నిప్పురవ్వ పడితే అంతా బుగ్గి. గూనపెంకులకు దూలాలు, వాసాలు కావాలి. రేకులకైతే నాలుగు పైపులు, కొన్ని హుక్కులు చాలు. ఎండాకాలం కింద ఉడికిపోయినా, వాన పడితే మాట వినబడకపోయినా, ఇల్లు నిలిచింది. చేతిలో ఉన్న పైసలకు దొరికిన కప్పు అది.

ఇక రెండో చివర చూద్దాం. ఇప్పటి జార్ఖండ్‌లో, చాయిబాసా దగ్గర రోరో కొండలున్నాయి. అది హో ఆదివాసుల నేల. అక్కడ 1963 నుంచి 1983 దాకా రాతినార తవ్వింది ఈ హైదరాబాద్ కంపెనీయే. గని మూతబడింది కానీ కొండవాలు మీద లక్షల టన్నుల వ్యర్థం మిగిలిపోయింది. వానలకు అది కింద పొలాల్లోకి, వాగుల్లోకి దిగింది. తవ్విన కూలీలు ఆదివాసులు, ఆ దుమ్ములో మిగిలిన ఊళ్ళూ ఆదివాసులవే.

ఈ నార పోగులు కంటికి కనబడనంత సన్నం. ఊపిరితో లోపలికి పోతే కొన్ని ఎప్పటికీ బయటికి రావు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా వంటి జబ్బులు చాలాసార్లు 20, 40 ఏళ్ళ తర్వాత బయటపడతాయి. అప్పటికి ఏ పనిలో పీల్చామో కూడా గుర్తుండదు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమల కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. వాళ్ళ ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా దాచాలని ఆదేశించింది. ఆ తీర్పు ఫ్యాక్టరీ గేటు లోపలి వాళ్ళకు. అడ్డా మీద నిలబడి రోజుకూలికి పాత షెడ్డు కూల్చడానికి పోయే మన తమ్ముడికి ఏ రికార్డూ ఉండదు.

అమెరికాలో పాత ఇళ్ళ లోకప్పులకు అందం కోసం గరుకు పూత కొట్టేవాళ్ళు. అందులోనూ రాతినార కలిపేవాళ్ళు. 1970ల్లో అక్కడ అలాంటి పూతల మీద నిషేధాలు వచ్చాయి. ఇప్పుడు అక్కడ పాత ఇల్లు కొన్నవాళ్ళు ఆ పూతను గీకేముందు ముక్కను ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించుకుంటారు. బ్రిటన్ 1999లో, యూరప్ యూనియన్ 2005లో రాతినారను పూర్తిగా నిషేధించాయి. మన దేశంలో కొత్త గనుల లీజులు ఆగాయి గానీ, రష్యా వంటి దేశాల నుంచి దిగుమతి ఆగలేదు.

అలాగని ఈ రాత్రి రేకు కింద పడుకోవడానికి భయపడక్కర్లేదు. పగలని రేకులో నారను సిమెంటు పట్టి ఉంచుతుంది. కోసినప్పుడు, డ్రిల్లు పెట్టినప్పుడు, పగలగొట్టినప్పుడే దుమ్ము లేస్తుంది. కాబట్టి పాచిని పొడిగా గీకొద్దు. రేకు తీయాల్సి వస్తే బాగా తడిపి, హుక్కులు విప్పి, ముక్క కాకుండా దించాలి. ముఖానికి తువ్వాల కడితే ఈ పోగులు ఆగవు, ఎన్95 కూడా చాలదు, పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు కావాలి. దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పనిబట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. చూపుతో ఏ రేకులో నార ఉందో చెప్పలేం, కాబట్టి పాత సిమెంటు రేకు ఏదైనా ఉందనే అనుకోవాలి.

ఒక్క ప్రశ్న మిగిలింది. పగిలిన రేకులు ఎక్కడికి పోవాలి? ఇప్పుడు అవి బాటల గుంతల్లో, కుంట కట్టల మీద, పిల్లలు ఆడుకునే చోట పడుతున్నాయి. ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం మన జిల్లాలోనే, దుండిగల్‌లో ఉంది. తండా రేకులను కూడా విడిగా సేకరించి అలాంటి చోటికి చేర్చాలని మనం పంచాయతీలను, మున్సిపాలిటీలను రాతపూర్వకంగా అడగాలి. ఈ వానాకాలం లోపు మీ తండాలో పాత రేకులు ఎన్ని ఇళ్ళ మీద ఉన్నాయో, పగిలినవి ఎక్కడ పడి ఉన్నాయో లెక్క రాసి ఇక్కడ పెట్టండి. అర్జీకి మనకు కావాల్సిన మొదటి కాగితం ఆ లెక్కే.