కావలి కూలి: నిజాము రాజ్యపు తొలినాళ్లు

మేడ్చల్ నుండి గాని, శామీర్‌పేట నుండి గాని సికింద్రాబాదునకు బోవువారు బొల్లారపు దండు ప్రదేశమును ఎఱుగుదురు. చిన్ననాట నేనా బాటను పోవునపుడు, ఆ దండునకు జీతమెవ్వరిచ్చిరో యడుగవలెనని తోపలేదు. పిదప చరిత్ర చదువగా, ఆ జీతపు కథయే మన రాజ్యపు కథ యని తెలిసినది.

మొగలు పాదుషాల దక్కను సుబేదారీయే ఈ రాజ్యమునకు మూలము. 1724లో నిజాముల్ముల్కు, బేరారులోని శకర్‌ఖేడా యుద్ధమున ముబారిజ్ ఖానును గెలిచి దక్కనును కైవసము చేసికొనెను. మరుసటి యేట పాదుషా అతనికి ఆసఫ్‌జా బిరుదమొసగెను. అతడు పేరునకు ప్రతినిధియే గాని, నిజమునకు స్వతంత్ర ప్రభువు.

1748లో నతడు గతింపగా, కుమారునకును దౌహిత్రునకును కలహము పుట్టెను. ఒకరికి ఫ్రెంచివారు, వేరొకరికి ఇంగ్లీషువారు తోడైరి. ఇంటి తగవులోనికి పరులు వచ్చినది అప్పుడే.

తరువాత నిజాం అలీ ఖాన్ హైదరాబాదును రాజధానిగా జేసికొని పాలించెను. 1795లో ఖర్దా యొద్ద మరాఠాలచే నతడోడిపోయెను. 1798లో ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొని, ఫ్రెంచి దొరల పటాలములను మాన్పి, ఆఱువేల కంపెనీ సిపాయిల నిమిత్తము ఏటేట 24,17,100 రూపాయలిచ్చుట కొప్పుకొనెను. 1800లో ఆ సైన్యము పెరిగినది. రొక్కమునకు బదులు కడప, బళ్లారి మున్నగు సీమలను కంపెనీకి వ్రాసి యిచ్చిరి. అవియే దత్తమండలములు, 1928లో వానికి రాయలసీమ యని పేరు వచ్చినది. ఈ సైన్యపు విడిదియే 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదైనది.

బొల్లారపు దండు వేఱొకటి. దానికి ఖర్చు నిజాముది, అధికారులు ఇంగ్లీషువారు. వానలు లేకున్నను, శిస్తు రాకున్నను సిపాయి జీతమాగదు గదా! బాకీలు పేరుకొనెను. అందులకై 1853లో సారవంతమైన బేరారు కంపెనీ పాలనలోనికి బోయెను. 1902లో దానిని ఏటికి 25 లక్షలకు శాశ్వతపు కౌలుగా మార్చిరి. మరుసటి యేట ఆ దండు భారత సైన్యమున గలిసిపోయినది. దండు పోయినను బేరారు మాత్రము తిరిగి రాలేదు.

చేనికి కావలివానిని బెట్టి, వాని కూలికై చేనునే వ్రాసి యిచ్చిన రైతును మనమేమందుము? అయినను ఒక భేదము గలదు. రైతు తన చేనునే పోగొట్టుకొనును. ఇచ్చట ప్రభువులు వ్రాసి యిచ్చినది ప్రజలు సాగు చేసిన నేల. ఒక్క గ్రామమునైనను అడిగినవారు లేరు.

మనుమలతో ఆ బాటను బోవునపుడు ఈ కథను వారికి జెప్పుడు. బలవంతుని తోడు కోరుటకు ముందు, దాని వెల యెంతయో, చెల్లింపవలసినవారెవ్వరో విచారింపవలెనని వారెఱుగుదురు గాక. సెలవు.