నేల ఒకటి, తెరలు రెండు

రెండో మానిటర్ వైరు తగిలించగానే లైనక్స్ మెషీన్‌లో ముందుగా చెడేది వాల్‌పేపర్. ఫైళ్ళు ఎక్కడికీ పోవు, నెట్ ఆగదు, టైపు చేస్తున్న ఉత్తరం ఉన్నచోటే ఉంటుంది. వెనకున్న బొమ్మ మాత్రం ఒక తెర మీద సగం, పక్క తెర మీద సగం అవుతుంది. లేదంటే ఒకదాని మీద బొమ్మ, రెండోదాని మీద కటిక నలుపు. ఇంకొన్నిసార్లు నిన్న పెట్టింది ఇవాళ మాయం. ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో లైనక్స్ మెషీన్లు పెట్టి నడిపించడం చాలా ఏళ్ళుగా నా పని. ఈ ఫిర్యాదు వినగానే "అదేం పెద్ద విషయం, పని జరుగుతోందిగా" అని కొట్టిపారేసే ఇంజనీర్లతో నాకు పడదు. పొద్దున సీట్లో కూర్చోగానే మనిషి కంటబడేది ఆ బొమ్మే. పైగా అది ఎందుకు చెడుతుందో ఆరా తీస్తూ పోతే, తెర మీద అన్నిటికీ అడుగున ఉన్న ఆ నేల ఎవరిదన్న తగువు బయటపడుతుంది. ఆ తగువు వయసు నలభై ఏళ్ళు.

అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్‌ను మొదలుపెట్టారు. దాని పదకొండో రూపం, అంటే ఎక్స్11, 1987 సెప్టెంబరులో విడుదలైంది. లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్‌ను బయటపెట్టింది 1991లో కాబట్టి, లైనక్స్ పుట్టేనాటికే ఈ తెరల పద్ధతి స్థిరపడిపోయింది. ఎక్స్11 లెక్క ప్రకారం ప్రతి స్క్రీన్‌కూ అన్నిటికంటే అడుగున ఒక విండో ఉంటుంది. దాని పేరు రూట్ విండో. మనం తెరిచే విండోలన్నీ దాని సంతానమే. దాన్ని మూసెయ్యలేం, జరపలేం. దాని వెనక బొమ్మ పెట్టాలంటే తెరను నడిపే ఎక్స్ సర్వర్ చేతికి ఒక పిక్స్‌మ్యాప్ ఇవ్వాలి. సర్వర్ ఆ బొమ్మను ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి, జాగా మిగిలినంతమేరా బండలు పరిచినట్టు పరుచుకుంటూ పోతుంది. ఆ పరుపు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన సగం గొడవలకు మూలం అదే.

అప్పటి వర్క్‌స్టేషన్లలో ఏ బొమ్మా పెట్టకపోతే నలుపు తెలుపు చుక్కలతో అల్లిన చాప లాంటి నేల కనిపించేది. చాలా తెరలు రంగులు లేనివి కాబట్టి ఆ చుక్కలే దూరం నుంచి బూడిదరంగులా అనిపించేవి. తర్వాతి కాలంలో ఆ అల్లిక తీసేసి నలుపు పెట్టారు. పాతది చూడాలనుకునేవాళ్ళు ఇప్పటికీ సర్వర్‌ను రెట్రో అన్న మాట జోడించి నడిపితే అది ప్రత్యక్షమవుతుంది. ఎక్స్‌సెట్‌రూట్ అనే చిన్న ప్రోగ్రాంతో నేలకు ఒక రంగు పుయ్యొచ్చు. ఫొటో కావాలంటే జాన్ బ్రాడ్లీ రాసిన ఎక్స్‌వీ ఉండేది. 256 రంగుల తెరల మీద ఆ సరదా ఖరీదైనదే. ఫొటో రంగులపట్టీలోని గళ్ళన్నీ ఆక్రమించేసేది, ఆ తర్వాత తెరిచిన నెట్‌స్కేప్‌కు రంగులు దొరికేవి కావు. దానికి విడిగా రంగులపట్టీ ఇచ్చి నడిపిస్తే, మౌస్ అటు వెళ్ళినప్పుడల్లా మిగతా తెరంతా పిచ్చిరంగుల్లోకి మారిపోయేది.

ఇక రెండు తెరల సంగతి. ఎక్స్11ను రూపొందించినవాళ్ళు ఒకే మెషీన్‌కు రెండు మానిటర్లు ఉంటాయని ఊహించకపోలేదు. వాటికి సున్నా చుక్క సున్నా, సున్నా చుక్క ఒకటి అని నంబర్లిచ్చారు. రెంటికీ వేర్వేరు రూట్ విండోలు. మౌస్ ఇటునుంచి అటు వెళ్తుంది. విండో మాత్రం వెళ్ళదు. ఎడమ తెర మీద తెరిచిన ఎడిటర్‌ను కుడి తెర మీదికి లాగడం కుదరదు, అక్కడ మళ్ళీ కొత్తగా తెరవాల్సిందే. జనానికి అది పెద్ద బాధ. కానీ వాల్‌పేపర్ విషయంలో అంత హాయైన రోజులు మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. ఎవరి నేల వాళ్ళది, దేని బొమ్మ దానికి. సరిహద్దు తగాదా లేదు.

ఆ గోడ పడగొట్టింది డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్. అక్కడ పనోరమిక్స్ పేరుతో తయారైన పద్ధతి 1998లో ఎక్స్11 ఆరో విడుదల నాలుగో కూర్పులో చేరింది. జినెరామా అన్న పేరు స్థిరపడింది. 1952లో న్యూయార్క్‌లో మొదలైన సినెరామా సినిమా పద్ధతి నుంచి తీసుకున్న పేరది. సినెరామాలో మూడు ప్రొజెక్టర్లు ఒకే వంపు తెర మీద మూడు ముక్కల బొమ్మను పక్కపక్కన వేసేవి. ముక్క, ముక్క కలిసేచోట అతుకు కనబడేది. జినెరామాకు పేరుతోపాటు ఆ అతుకూ వచ్చింది. 2000 మార్చిలో ఎక్స్‌ఫ్రీ86 నాలుగో రూపంతో ఇది మామూలు లైనక్స్ వాడకందార్ల చేతికందింది. విండోలు తెర దాటి వెళ్ళడం మొదలైంది. అందుకు చెల్లించిన మూల్యం, రెండు రూట్ విండోలు ఒక్కటైపోవడం. నేల ఎంత వెడల్పుందని పాత ప్రోగ్రాం సర్వర్‌ను అడిగితే, రెండు తెరలూ కలిపిన కొలత జవాబుగా వచ్చేది. మధ్యలో ప్లాస్టిక్ అంచు ఉందని, నిజానికి అవి రెండు మానిటర్లని తెలియాలంటే జినెరామాను విడిగా అడగాలి. అడగడం తెలియని ప్రోగ్రాములు ఫొటోను రెండు తెరలకూ సాగదీసేవి.

దాని ఫలితం నేను దగ్గర్నుంచి చూసింది గ్నోమ్ 2 డెస్క్‌టాప్ రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో. 1280 వెడల్పు, 1024 ఎత్తు పిక్సెళ్ళ మానిటర్లు రెండు పక్కపక్కన పెట్టాం. అక్కడి పెద్దాయన తిరుమల వేంకటేశ్వరస్వామి నిలువు ఫొటోను వాల్‌పేపర్‌గా పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున ఫోను. "అమ్మా, నువ్వొక్కసారి రావాలి. స్వామిని రెండు ముక్కలు చేసిందమ్మా ఇది."

వెళ్ళి చూస్తే, ఫొటో 2560 పిక్సెళ్ళ వెడల్పుకు సాగింది. తిరునామం నడిమిగీత సరిగ్గా రెండు మానిటర్ల అంచుల మధ్యకొచ్చింది. ఒక కన్ను ఈ తెర మీద, ఒక కన్ను ఆ తెర మీద. ఆయన సీట్లో కూర్చోలేదు, పక్కన నిలబడి ఉన్నారు. "తీసెయ్యమ్మా, ఖాళీగా ఉన్నా పర్లేదు, ఇలా మాత్రం చూడలేను" అన్నారు. సాగదీయకుండా పెద్దది చేస్తే కుదురుతుందేమోనని చూశాను. ఆ ఫొటో కొలత మూడుకు నాలుగు. 2560 వెడల్పు నిండాలంటే ఎత్తు 3413 అవుతుంది, అందులో తెర మీద పట్టేది 1024 మాత్రమే. కిరీటం పైన పోయింది, పాదాలు కింద పోయాయి. అదీ నయం కాదు. చివరికి ఇమేజ్‌మ్యాజిక్‌తో ఫొటోను 1024 ఎత్తుకు కుదించి, రెండు పక్కలా ముదురు మెరూన్ రంగు నింపి 1280 వెడల్పు చేసి, అలాంటివి రెండు ప్రతులు పక్కపక్కన అతికి, 2560, 1024 కొలతతో ఒకే ఫైలు తయారుచేశాను. ఒక్కో తెర మీద ఒక్కో నిండు మూర్తి. ఆయన చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని కూర్చున్నారు. వాల్‌పేపర్ చిన్న విషయమనేవాళ్ళకు నేను చెప్పేది ఆ పూట సంగతే.

2007లో ర్యాండర్ 1.2 వచ్చి కథ మరో మలుపు తిరిగింది. కీత్ ప్యాకర్డ్, జిమ్ గెటిస్ మొదలుపెట్టిన ఎక్స్‌టెన్షన్ ఇది. మెషీన్ నడుస్తుండగానే మానిటర్ తగిలించొచ్చు, పీకొచ్చు, సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలెట్టక్కర్లేదు. పాఠం చెప్పే లెక్చరర్లకు అదొక వరం. అప్పటిదాకా ప్రొజెక్టర్ పెట్టాలంటే ముందు ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ ఫైలు దిద్దాలి. కానీ నేల ఇప్పుడు రబ్బరులా సాగుతోంది, బొమ్మ మాత్రం సాగదు. 1366, 768 కొలతల ల్యాప్‌టాప్‌కు కుడి పక్కన 1920, 1080 మానిటర్ తగిలించారనుకుందాం. రూట్ విండో 3286, 1080 అవుతుంది. సర్వర్ దగ్గరున్న పిక్స్‌మ్యాప్ పాత 1366, 768 దే. 1987 నాటి నియమం ప్రకారం సర్వర్ దాన్ని పరుస్తుంది. కుడి మానిటర్ మీద ఒక పూర్తి ప్రతి, దాని పక్కన ఇంకో ప్రతిలోని 554 పిక్సెళ్ళ ముక్క, కింద మళ్ళీ అదే బొమ్మ పైభాగం 312 పిక్సెళ్ళ మేర. "వైరస్ వచ్చింది మేడమ్, ఫొటో ముక్కలైంది" అని నాకు చూపించినవన్నీ ఇవే. రెండు మానిటర్లూ సరిగ్గా ఒకే కొలతవైతే పరుపు అతికినట్టు సరిపోతుంది. అందుకే కొందరికి ఈ జబ్బు ఎప్పుడూ కనబడదు, అసలు ఉందంటే నమ్మరు. మందు సులువైనదే. ముందు తెరలను సర్దే ఎక్స్‌ర్యాండర్ కమాండ్ నడవాలి, ఆ తర్వాత వాల్‌పేపర్ పెట్టే ఫె లేదా నైట్రోజెన్ నడిచి కొత్త కొలతకు బొమ్మ మళ్ళీ వెయ్యాలి. వరస తిరగబడితే పని జరగదు.

పై లెక్కలో ఇంకో సంగతి దాగుంది. ల్యాప్‌టాప్ తెర ఎత్తు 768, నేల ఎత్తు 1080. పై అంచులు సమంగా ఉంటే ల్యాప్‌టాప్ కింద 1366, 312 పిక్సెళ్ళ పట్టీ, అంటే నాలుగు లక్షల ఇరవై ఆరు వేల పైచిలుకు పిక్సెళ్ళు, ఏ మానిటర్‌కూ చెందదు. నేలగా ఉంది, కంటికి కనబడదు. రెంటికీ కలిపి పరిచిన ఫొటోలో కింది భాగం అందులోకే పోతుంది. డెస్క్‌టాప్ ఐకాన్లు కూడా ఒక్కోసారి అందులో పడేవి. ఫైలు ఉందని టెర్మినల్ చెప్తుంది, తెర మీద మాత్రం దొరకదు.

ఈలోగా ఆ నేల మీద మరొకరు చాప వేశారు. అప్పటి డెస్క్‌టాప్‌లలో గ్నోమ్‌కు నాటిలస్, కేడీఈకి కేడెస్క్‌టాప్, ఎక్స్‌ఎఫ్‌సీఈకి ఎక్స్‌ఎఫ్‌డెస్క్‌టాప్. ఇవన్నీ రూట్ విండోను పూర్తిగా కప్పేసే పెద్ద విండో తెరిచి, దాని మీద తమ బొమ్మ, తమ ఐకాన్లు వేసుకునేవి. ఫె ఎంత శ్రద్ధగా రూట్ విండోకు బొమ్మ పెట్టినా, అలాంటి విండో ఉన్నచోట అది దాని అడుగున పడి ఉంటుంది. "కమాండ్ కొట్టాను, ఎర్రర్ లేదు, బొమ్మా లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే.

ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ళు ఒక మంచిపని చేశారు. ప్రతి మానిటర్‌కు, ప్రతి వర్క్‌స్పేస్‌కు వేరే బొమ్మ పెట్టుకోనిచ్చారు. 2015 ఫిబ్రవరిలో వచ్చిన 4.12లో మానిటర్‌ను నంబరుతో కాక కనెక్టర్ పేరుతో గుర్తుపెట్టుకున్నారు. ఆలోచన సరైనదే, కానీ పేర్లు నిలకడైనవి కావు. పాత ఇంటెల్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ1. మోడ్‌సెట్టింగ్ డ్రైవర్‌లో అదే సాకెట్ హెచ్‌డీఎంఐ గీత 1. ఎన్విడియాలో లెక్క సున్నా నుంచి మొదలు. కెర్నెల్ పిలిచేది హెచ్‌డీఎంఐ గీత ఏ గీత 1 అని. 2016 తర్వాత డిస్ట్రిబ్యూషన్లు ఒక్కొక్కటీ ఇంటెల్ చిప్పులకు మోడ్‌సెట్టింగ్ డ్రైవర్‌ను పెట్టాయి. అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ల్యాబ్‌లో అన్ని మెషీన్ల మీదా మొదటిరోజు నాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ గుర్తు, ఎలుకబొమ్మ నేల. పాత బొమ్మల దారులు సెట్టింగుల్లో భద్రంగానే ఉన్నాయి, కాకపోతే ఇక ఎవరూ పిలవని పేర్ల కింద.

కేడీఈ 2008లో నాలుగో రూపం నుంచే తెరకొక కంటెయిన్‌మెంట్ అనే ఏర్పాటు పెట్టింది. దాన్ని తెర నంబరుతో ముడేసింది. వైరు తీసి పెడితే నంబర్లు తారుమారై, ఒక తెర బొమ్మ ఇంకోదాని మీదికి వెళ్ళడం, ఒకటి నల్లబడటం ఏళ్ళతరబడి సాగింది. 2023 ఫిబ్రవరిలో ప్లాస్మా 5.27లో ఆ భాగాన్ని తిరగరాశారు. ఆ తర్వాత నాకు ఆ ఫిర్యాదులు బాగా తగ్గాయి. గ్నోమ్ మాత్రం ఇప్పటికీ అన్ని తెరలకూ ఒకే బొమ్మ అంటుంది. 2022లో గ్నోమ్ 42 వెలుగు రంగులకొకటి, ముదురు రంగులకొకటి రెండు బొమ్మలు పెట్టుకోనిచ్చింది. ఎడమకొకటి, కుడికొకటి ఇవ్వలేదు. హైడ్రాపేపర్ లాంటి ప్రోగ్రాములు నేను అకౌంట్స్ సెక్షన్‌లో చేసిన అతుకుపనే చేసి పెడుతున్నాయి. అంత పెద్ద ప్రాజెక్టు ఈ చిన్న కోరిక తీర్చకపోవడం నాకు నచ్చదు.

ఎక్స్11కు బదులుగా 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో రూట్ విండోయే లేదు. ప్రతి మానిటర్ ఒక అవుట్‌పుట్, దేని ఉపరితలం దానిది. వేలాండ్ మీద నడిచే స్వే లాంటి వాటిలో అన్నిటికంటే కింది పొరను బ్యాక్‌గ్రౌండ్‌కే కేటాయించారు. ఫలానా అవుట్‌పుట్‌కు ఫలానా బొమ్మ అని సెట్టింగుల్లో ఒక్క లైను రాస్తే చాలు. మానిటర్ పీకితే దాని నేల దానితోనే పోతుంది, పక్కదాన్ని ముట్టుకోదు. కనెక్టర్ పేరుకు బదులు మానిటర్ తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు కూడా రాయొచ్చు. 1994 నుంచి మానిటర్లు తమ వివరాలను ఎడిడ్ అనే 128 బైట్ల చీటీలో మోస్తున్నాయి, వైరు తగిలించగానే మెషీన్‌కు చెప్తాయి. బొమ్మను ముడేయాల్సింది సాకెట్‌కు కాదు, దీనికే. ఏ సాకెట్‌లో పెట్టినా, ఏ డ్రైవర్ మారినా బొమ్మ తన తెరను వెతుక్కుంటూ రావాలి. డెస్క్‌టాప్‌లు రాసేవాళ్ళందరూ ఈ పద్ధతికి రావాలని నా కోరిక.

ఇందులోనూ ఒక చిక్కుంది. చౌకరకం మానిటర్లలో కొన్నిటికి సీరియల్ నంబరు అసలు నింపరు, లేదా అన్నిటికీ ఒకటే వేసేస్తారు. అలాంటివి రెండు ఒకే మెషీన్‌కు ఉంటే ఏది ఏదో మెషీన్‌కు తెలిసే దారి లేదు. ఆ జతలున్నచోట వైర్ల చివర్లకు ఎడమ, కుడి అని చీటీలు అంటించి, స్వీపర్ దుమ్ము దులిపి మళ్ళీ పెట్టేటప్పుడు దేని సాకెట్‌లో దాన్నే పెట్టమని చెప్పి వస్తున్నాను.