ఏపీ 37 అయిపోయాక

బండి నెంబరు ప్లేటు చివర ఉండేవి నాలుగే అంకెలు. 9999 తర్వాత ఐదో అంకెకి చోటు లేదు. 1989 జులై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ పద్ధతిలో పశ్చిమగోదావరికి దక్కింది ఏపీ 37. ఆ తర్వాత జిల్లాలో డబ్బు ఎలా పెరిగిందో ఆ నాలుగంకెల ముందున్న ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకోవచ్చు.

ఒక్కో అక్షరం 9999 బళ్లకి సరిపోతుంది. ఒకటి, సున్నా అని పొరబడతారని ఐ, ఓ వాడరు. పీ పోలీసులది, జెడ్ ఆర్టీసీది. టీ నుంచి వై దాకా లారీలకీ ఆటోలకీ. సొంత బళ్లకి మిగిలేవి పదహారు మించవు, అంటే లక్షా అరవై వేల లోపే. వరి, చేపలు, రొయ్యలు, గల్ఫ్ డబ్బు ఉన్న జిల్లాకి అదెంత? ఏఏ, ఏబీ అంటూ జంట అక్షరాలొచ్చాయి. సిరీస్ ప్రాణం పోయే ఆ 9999 కోసమే జనం వేలంలో లక్షలు పోస్తారు, అదో వింత.

ప్లేటు మీద ఒక అక్షరం పెరిగితే ఏం పోయింది అనుకుంటాం. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు కాటా దగ్గర కొన్నాళ్లు లెక్కలు చూశాను. అక్కడి కంప్యూటర్లో బండి నెంబరుకి తొమ్మిది గళ్లే. ఏపీ 37 వై 1234 సరిగ్గా పట్టేది. టీఏ, టీబీ లారీలొచ్చేసరికి చివరంకె తెగిపోయింది. 4561, 4567 ఒకే లారీ అయిపోయాయి. ఖాళీ తూకం ఒకదానిది, లోడు తూకం ఇంకోదానిది! ధాన్యం తోలిన రైతు చేతికి తప్పు చీటీ వెళ్లేది. గుమస్తా గారు కనిపెట్టిన ఉపాయం ఏపీలో పీ తీసేసి ఏ ఒక్కటే కొట్టడం. తమిళనాడు లారీ అయితే టీ. బాగానే నడిచింది. 2014లో తెలంగాణకి టీఎస్ వచ్చాక ఆ టీ ఇద్దరిదయింది.

ప్రభుత్వం 2019లో జిల్లా కోడ్లన్నీ ఆపేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టింది. విడివిడి సంచుల్ని ఒకే గోనెలో పోసినట్టు. నాకైతే ఇది తెలివైన పనే. జిల్లాకో కోడ్ ఉంటే ఒకచోట నెంబర్లు మూలుగుతుంటాయి, ఇంకోచోట అయిపోతుంటాయి. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలే మారిపోయాయి. ఏపీ 16 కృష్ణాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకొచ్చింది, ఏపీ 37 ఆకివీడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయింది. పాత పద్ధతే ఉండుంటే ఏలూరు, భీమవరాల్లో 37 ఎవరికిచ్చేవాళ్లు?

ఆ పెద్ద గోనే నిండిపోయి ఏపీ 40 వచ్చింది. అదీ నాలుగంకెలదే.

కొల్లేరు గట్ల మీద ఒకప్పుడు ప్లేటు చూసి చెప్పేవాళ్లు, 16 అయితే కైకలూరు వైపు చేపల బండి, 37 అయితే మనవైపుది అని. ఇప్పుడు డ్రైవర్ని ఆపి ‘ఏ ఊరు బాబూ’ అని అడగాల్సిందే.